అన్నా మణి కాటా

పేరు చూసి మోసపోకండి. నా ల్యాప్‌టాప్‌లో ఈ పేరు కనబడగానే మా రూమ్మేట్ ఎవరే ఈ మణి అన్న, మన సీనియరా అని అడిగింది. అన్న కాదు తల్లీ, ఆవిడ. పూర్తి పేరు అన్నా మోదయిల్ మణి. మలయాళీ. మన దేశంలో వాతావరణాన్ని కొలిచే పరికరాలు మనమే చేసుకోవడం నేర్పిన మనిషి, ఆకాశంలో ఓజోన్ ఎంత ఉందో కొలిచే యంత్రాన్ని ఇక్కడే తయారు చేయించిన మనిషి. 2001 ఆగస్టు 16న పోయింది. అప్పటికి మన బ్యాచ్‌లో ఎవరూ పుట్టలేదు.

ఆవిడ జోలికి నేను భక్తితో పోలేదు. తప్పు చేసి పోయాను. ఆ సంగతి తర్వాత చెప్తా, ముందు ఆవిడ కథ.

1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోది. తండ్రి సివిల్ ఇంజనీరు, కొండల్లో యాలకుల తోటలు ఉన్నాయి. డబ్బున్న ఇల్లు. ఆ ఇంట్లో రూలు ఒకటే: మగపిల్లలు పెద్ద చదువులకు, ఆడపిల్లలు పెళ్లికి. మన ఊళ్లల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో ఇదే రూలు నడుస్తోంది, కాకపోతే మధ్యలో ఒక బీటెక్ చేరింది అంతే. ఎనిమిదో పుట్టినరోజుకి ఇంటి ఆచారం ప్రకారం వజ్రాల కమ్మలు పెడితే, అవి వద్దు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కొనిపెట్టమంది. ఈ ముక్క ఆవిడ గురించి రాసిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది కాబట్టి నేనూ రాశా. నాకు ఇంకో సంగతి ఎక్కువ నచ్చింది. వైకోం సత్యాగ్రహం రోజుల్లో, 1925లో, గాంధీ ఆ ప్రాంతానికి వచ్చాడు. అది చూసి ఈ పిల్ల ఖద్దరు కట్టడం మొదలెట్టింది. చిన్నప్పుడు అందరం ఏదో ఒకటి మొదలెడతాం. ఈవిడ చనిపోయేదాకా ఖద్దరే కట్టింది.

డాక్టర్ కావాలనుకుంది, కుదరలేదు. ఫిజిక్స్ బాగా వస్తుందని ఫిజిక్స్ తీసుకుంది. 1939లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆనర్స్ పూర్తి చేసింది. మనకి మద్రాసు అంటే దూరం కాదు, గూడూరు స్టేషన్లో పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకోవచ్చు. మా అవ్వ కంటి ఆపరేషన్ కూడా అక్కడే చేయించాం. ప్రెసిడెన్సీ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు ఆటోలో పోయానో లెక్కలేదు, ఇక్కడ ఇలాంటి మనిషి చదివిందని ఒక్కసారీ తెలియదు.

1940లో స్కాలర్‌షిప్ వచ్చి బెంగుళూరు ఐఐఎస్సీలో సి.వి. రామన్ ల్యాబులో చేరింది. రామన్ చిన్నప్పుడు మన విశాఖపట్నంలో పెరిగాడని మీకు తెలిసే ఉంటుంది, తండ్రి అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. ఆ కాలేజీ ఎవరి పేరు మీద ఉందో మాత్రం నాకు మొన్నటిదాకా తెలీదు. అంకితం వెంకట నరసింగరావు అని, విశాఖలో ఒక అబ్జర్వేటరీ నడుపుతూ వాతావరణం లెక్కలు రాసిపెట్టిన పెద్దమనిషి. సరే, దారి తప్పాను.

రామన్‌కి అప్పట్లో వజ్రాల పిచ్చి. ముప్పైకి పైగా వజ్రాలు దగ్గర పెట్టుకుని మణి వాటి వెలుగు మీద పనిచేసింది: ఏ వజ్రం ఏ కాంతిని మింగుతుంది, ఏ రంగులో మెరుస్తుంది, వేడిచేస్తే చల్లారిస్తే ఏమవుతుంది అని. ఒక్కో ఫోటోగ్రాఫిక్ ప్లేటు మీద వర్ణపటం పడాలంటే పదిహేను, ఇరవై గంటలు ఎక్స్‌పోజ్ చేయాలి. అంటే రాత్రి ల్యాబులోనే. ఒంటరి పేరుతో ఐదు పరిశోధనా పత్రాలు వేసింది, 1942 నుంచి 1945 మధ్యలో. కమ్మలుగా వద్దన్న వజ్రాలు చివరికి ఇలా చేతికొచ్చాయి. 1945 ఆగస్టులో థీసిస్ మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చింది.

యూనివర్సిటీ పిహెచ్‌డి ఇవ్వలేదు.

కారణం వింటే మన ఎగ్జామ్ బ్రాంచి గుర్తొస్తుంది. ఆమెకి ఎమ్మెస్సీ లేదు కాబట్టి పిహెచ్‌డికి అర్హత లేదట. ఆనర్స్ ఫస్ట్ క్లాసు ఉంది, ఐఐఎస్సీ స్కాలర్‌షిప్ ఉంది, ఐదు పేపర్లున్నాయి. ఒక కాగితం లేదు. అదే ల్యాబులో పనిచేసిన సునందా బాయికీ పిహెచ్‌డి దక్కలేదు. అంతకుముందు 1933లో కమలా సొహోనీ అనే అమ్మాయిని అదే సంస్థలో రామన్ ఆడపిల్ల అని చేర్చుకోనంటే, ఆమె పట్టుబట్టి, షరతుల మీద చేరింది. కాబట్టి ఆ గోడ కాగితంతో కట్టింది మాత్రమేనా అని నాకు అనుమానం. మణి మాత్రం ముసలితనంలో అడిగినా, ఆ పట్టా లేకపోవడం వల్ల తన జీవితంలో పెద్ద తేడా ఏమీ రాలేదనే చెప్పింది. ఆవిడ మాటకి ఎదురు చెప్పేంతదాన్ని కాదు గానీ, నాకలా అనిపించదు. ఒక్క సబ్జెక్టు సప్లీ ఉండిపోయి ప్రొవిజనల్ చేతికి రాని మా సీనియర్ అక్క ముఖం నేను రోజూ చూశాను. ఆ థీసిస్ ఇప్పటికీ బెంగుళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, మిగతా పిహెచ్‌డి థీసిస్‌ల పక్కనే ఉంది.

అదే ఏడు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్లింది, సైనికుల ఓడలో. ఇంపీరియల్ కాలేజీకి. ఫిజిక్స్ చేద్దామని పోయింది. అక్కడికి పోయాక తెలిసింది, ఉన్న అవకాశం వాతావరణ పరికరాల్లోనే అని. మన భాషలో చెప్పాలంటే, సీఎస్ఈ వస్తుందనుకుంటే కౌన్సెలింగ్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ వచ్చింది. ఏడ్చిందో లేదో తెలీదు గానీ చేరింది. ఆ బ్రాంచిలోనే ముప్పై ఏళ్లు పనిచేసింది.

1948లో తిరిగొచ్చి పుణెలో భారత వాతావరణ శాఖలో చేరింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ వాన ఎంత పడిందో కొలవాలంటే గేజి బ్రిటన్ నుంచి రావాలి. థర్మామీటరూ అంతే. ఎస్.పి. వెంకటేశ్వరన్ అనే అధికారి అక్కడ పరికరాలు ఇక్కడే చేయాలని వర్క్‌షాపు పెట్టి ఉన్నాడు, మణి ఆయన కింద చేరింది. దాదాపు వంద రకాల పరికరాలకు డ్రాయింగులు గీయించి, కొలతలన్నీ ఒకే పద్ధతికి తెచ్చింది. ఫస్టియర్‌లో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌ని తిట్టుకున్నవాళ్లు చేతులెత్తండి, నాది ముందే ఎత్తి ఉంది. డ్రాయింగ్ లేకపోతే ఒక మేస్త్రీ చేసిన గాలిమర ఇంకో మేస్త్రీ చేసినదానితో సరిపోదు. అది సరిపోకపోతే గూడూరులో కొలిచిన గాలిని కోల్‌కతాలో కొలిచిన గాలితో పోల్చలేం. పోల్చలేని అంకెకి విలువేముంది? 1953 నాటికి ఆ విభాగానికి ఆవిడే అధిపతి. కింద 121 మంది, అందరూ మగవాళ్లే.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది: తప్పు కొలత కంటే అసలు కొలవకపోవడం మేలు. ఈ మాట చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. మా నాయన నిమ్మకాయల మండీలో గుమాస్తా. గూడూరు నిమ్మకాయల మార్కెట్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, సీజన్లో ఆ వీధంతా వాసన. అక్కడ రైతుకి గొడవొచ్చేది ధర మీద తక్కువ, కాటా మీద ఎక్కువ. ధర ఈరోజు పడిపోతే రేపు లేస్తుందని ఓర్చుకుంటాడు. కాటా తేడా ఉందని తెలిస్తే ఊరుకోడు. అందుకే తూనికలు కొలతల వాళ్లొచ్చి ముద్ర వేసిపోతారు. ముద్ర లేని కాటా మీద తూచిన బస్తా మా నాయన పుస్తకంలో రాయడు. మణి ఇరవై ఎనిమిదేళ్లు దేశం మొత్తానికి చేసింది ఈ పనే.

1957, 58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం వచ్చింది. ప్రపంచ దేశాలన్నీ కలిసి భూమినీ గాలినీ ఒకేసారి కొలవాలని పెట్టుకున్న కార్యక్రమం. అప్పుడు దేశమంతటా సూర్యరశ్మిని కొలిచే కేంద్రాలు పెట్టించింది. మొదట్లో పరికరాలు బయటినుంచే తెచ్చారు, తర్వాత అవీ ఇక్కడే చేశారు. ఇవాళ మన సీమలో ఎక్కడ చూసినా సోలార్ ప్లాంట్లే కదా, ఎక్కడ ఎంత ఎండ పడుతుందో మొదట లెక్కగా కూర్చినవాళ్లలో ఆవిడ ఒకరు.

ఇక ఓజోన్. నాకు అసలు ఆసక్తి ఇక్కడే.

మన తల మీద ఉన్న ఓజోన్ మొత్తాన్ని నేల మీదికి దించి పరిస్తే మందం మూడు మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అంతే. అది లేకపోతే అల్ట్రావయొలెట్ మన చర్మాన్నీ పైరునీ బతకనివ్వదు. దాన్ని కింద నుంచి కొలవడానికి డాబ్సన్ పరికరం ఉంది. ఓజోన్ బాగా మింగే తరంగదైర్ఘ్యం ఒకటి, పెద్దగా మింగనిది ఇంకోటి, రెండింటినీ పోల్చి మధ్యలో ఎంత ఓజోన్ ఉందో చెబుతుంది. మన దేశంలో ఓజోన్ పరిశోధనకు పెద్దదిక్కు కె.ఆర్. రామనాథన్, ఆయనా రామన్ శిష్యుడే. కానీ డాబ్సన్ మొత్తం చెబుతుంది గానీ ఏ ఎత్తులో ఎంత ఉందో నేరుగా కొలవలేదు. మొత్తం మార్కులు చెప్పి సబ్జెక్టువారీగా చెప్పకపోతే ఎలా ఉంటుందో అలా. ఎత్తు తెలియాలంటే పరికరమే పైకి పోవాలి.

దాన్నే ఓజోన్‌సోండ్ అంటారు. సూత్రం ఇంటర్ కెమిస్ట్రీయే. చిన్న గదిలో పొటాషియం అయొడైడ్ ద్రావణం. ఒక బుల్లి పంపు బయటి గాలిని ఆ ద్రావణంలోకి బుడగలుగా వదులుతుంది. గాలిలో ఓజోన్ ఉంటే అయొడైడ్‌ని అయొడిన్ చేస్తుంది. ఆ అయొడిన్ ఎలక్ట్రోడు దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని మళ్లీ అయొడైడ్ అవుతుంది. ఒక్కో ఓజోన్ అణువుకి రెండు ఎలక్ట్రాన్లు. కాబట్టి తీగలో పారే కరెంటు కొలిస్తే ఓజోన్ లెక్క తేలినట్టే. పేపర్ మీద పది మార్కుల ప్రశ్న. చేసి చూస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ కరెంటు కొన్ని మైక్రో ఆంపియర్లు. గూడూరు ఎండకి కింద మనం మాడిపోతుంటే మన నెత్తిన పదిహేడు కిలోమీటర్ల ఎత్తున గాలి సున్నాకి దిగువ 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, ద్రావణం గడ్డకట్టకూడదు. ఓజోన్ రబ్బరుని తినేస్తుంది, కాబట్టి పంపూ గొట్టాలూ దాన్ని మింగని పదార్థంతో చేయాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, పంపు తోడే గాలి లెక్క మారుతుంది, దాన్ని సరిచేయాలి. బెలూను ముప్పై కిలోమీటర్ల దాకా పోయి పగిలిపోతుంది. పరికరం ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? ఒకసారే వాడతాం, అయినా ఆ ఒక్కసారి తప్పు చెప్పకూడదు.

1960 ప్రాంతంలో మణి ఈ పని మొదలెట్టింది. 1967కల్లా భారతీయ ఓజోన్‌సోండ్ తయారైంది. అప్పటికి ఇలాంటిది సొంతంగా చేసుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిరువనంతపురం, పుణె, ఢిల్లీల నుంచి వాటిని వదిలేవాళ్లు. తర్వాత అంటార్కిటికాకీ పోయాయి. గమనించారా, అప్పటికి ఓజోన్ పొర ప్రమాదంలో ఉందని ఎవరికీ తెలియదు. అప్పట్లో ఫ్రిజ్జుల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు పైకెళ్లి ఓజోన్‌ని తినేస్తాయని మొలీనా, రోలండ్ చెప్పింది 1974లో. అంటే ఆవిడ ఏ భయమూ లేని రోజుల్లో, ఎవరూ అడగని అంకెల్ని ఏళ్ల తరబడి పోగేసింది. భయం వచ్చాక పాత అంకెలు ఎక్కడి నుంచి తెస్తాం?

మధ్యలో 1963లో విక్రమ్ సారాభాయ్ అడిగితే తుంబాలో రాకెట్ కేంద్రానికి వాతావరణ అబ్జర్వేటరీ, పరికరాల టవరూ పెట్టించింది. తుంబాలో తొలి రాకెట్ ఆ ఏడు నవంబరు 21న లేచింది. శ్రీహరికోట అప్పటికి ఇంకా సరుగుడు తోపులే. మేము ఇప్పుడు రాకెట్ లేచిందంటే మిద్దెక్కి చూస్తాం, గూడూరులో అదొక పండగ. గాలి వేగం చూడకుండా ఏ రాకెట్టూ లేవదు. ఆ గాలి వేగం చెప్పినవాళ్లని చూడ్డానికి మాత్రం ఎవరం మిద్దెక్కం.

1969లో ఢిల్లీకి బదిలీ, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైర్మెంటు. తర్వాత రామన్ ఇన్‌స్టిట్యూట్‌కే పోయి కూర్చుని సౌర వికిరణం మీద రెండు పెద్ద పుస్తకాలు వేసింది, 1980లో ఒకటి, 1981లో ఒకటి. ఆ తర్వాత గాలి మీద పడింది. దేశంలో ఏడు వందలకు పైగా చోట్ల గాలి వేగాల లెక్కలు కూర్చడం ఆ వయసులో పెట్టుకున్న పని. బెంగుళూరులో పరికరాలు చేసే చిన్న కంపెనీ కూడా నడిపింది. 1987లో కె.ఆర్. రామనాథన్ పతకం వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. అడవుల్లో తిరగడం, పక్షుల్ని చూడటం ఇష్టం. 1994లో పక్షవాతం వచ్చి మంచాన పడింది, ఏడేళ్ల తర్వాత తిరువనంతపురంలో పోయింది.

ఇప్పుడు నా సంగతి.

పోయిన ఏడాది మా మినీ ప్రాజెక్టు గాలిలో ఓజోన్ కొలిచే బోర్డు. ఆన్‌లైన్లో కొన్న చవక సెన్సారు, ఒక మైక్రోకంట్రోలర్, మెమరీ కార్డు. సంక్రాంతి సెలవుల్లో గూడూరులో మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టాను. నేల దగ్గర ఓజోన్ పుట్టాలంటే బండ్ల పొగ, ఎండ రెండూ కావాలి. కాబట్టి మధ్యాహ్నం పెరగాలి, రాత్రి తగ్గాలి. నాదేమో మధ్యాహ్నం బాగానే పెరిగింది, మళ్లీ రాత్రి రెండు గంటలకీ పెరిగింది. మూడు రాత్రులు వరసగా. రివ్యూకి రెండు రోజులే టైముంది. నేను ఆ రాత్రి వరసలన్నీ డిలీట్ చేసి, మిగతావాటికి నున్నటి గీత గీసి పెట్టాను. పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. మంచి మార్కులొచ్చాయి. అందరూ ఇదే చేస్తారు కదా అనుకున్నా.

ఆరు నెలల తర్వాత మణి గురించి చదువుతూ అంటార్కిటికా కథ దాకా పోయాను. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ వాళ్లు అక్కడ వసంతకాలంలో ఓజోన్ ఘోరంగా పడిపోతోందని డాబ్సన్ లెక్కలతో చూపించారు. అంతకుముందు అంకెలు మరీ తక్కువగా వస్తుంటే వాళ్లు ముందు అనుమానించింది తమ పరికరాన్నే. ఇంకో డాబ్సన్ తెచ్చిపెట్టి చూసుకున్నారు, అదీ అలాగే చెప్పింది, అప్పుడు ప్రకటించారు. అదే కాలంలో పైన ఉపగ్రహం కూడా కొలుస్తోంది. దాని ప్రోగ్రాములో మరీ తక్కువ అంకెలు అనుమానం ముద్ర పడి పక్కకు పోయాయి. ఇది చదివి ల్యాప్‌టాప్ మూసేశాను.

నా రాత్రి రెండు గంటల అంకె కొత్త విషయం కనిపెట్టిందని కాదు. చాలా మటుకు అది తేమ. ఆ రకం సెన్సారుకి తేమ పడదు, జనవరి తెల్లవారుజామున మా వైపు మంచు ఎలా దిగుతుందో మీకు తెలుసు. సెన్సారుదే తప్పు అయ్యుండొచ్చు. కానీ రాత్రి తప్పు చెప్పిన కాటా పగలు నిజం చెప్పిందని నేను ఏ ధైర్యంతో అనుకున్నాను? పుస్తకంతో కలిసింది కాబట్టి ఉంచాను, కలవలేదు కాబట్టి తీసేశాను. నేను కొలిచింది ఓజోన్ కాదు, పుస్తకాన్ని.

ఇంకో చిక్కు. మా ఫైలు డిపార్ట్‌మెంట్ డ్రైవులో ఉంది. ఈ ఏడు జూనియర్లు ఇద్దరు దాన్నే బేస్ డేటాగా తీసుకుని మెషిన్ లెర్నింగ్ మోడల్ కడుతున్నారు. నాకు ఆ సంగతి వాళ్లు థాంక్స్ అక్కా అని మెసేజ్ పెడితే తెలిసింది.

మెమరీ కార్డు నా దగ్గరే ఉంది. మొన్న ఆదివారం ఇంటికి పోయి అసలు ఫైలు తీశాను, తీసేసిన వరసలన్నీ మళ్లీ పెట్టాను. పక్కన ఒక కాలమ్ చేర్చి, ఆ రాత్రుల్లో తేమ కొలవలేదని రాశాను. సెన్సారుని ఏ ప్రామాణిక పరికరంతోనూ పోల్చి చూడలేదని పైన మొదటి లైన్లోనే పెట్టాను. గైడ్ సార్‌కి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు, మార్కులు పోతాయో లేదో తెలీదు. ఈసారి తేమ సెన్సారు కూడా కలిపి బోర్డు మళ్లీ అదే ట్యాంకు పక్కన బిగించి వచ్చాను. మా నాయన కింద నిలబడి, దీనికి ముద్ర ఎవరు వేస్తారమ్మా అని అడిగాడు.

జూనియర్లకి కొత్త ఫైలు పంపించాను. గ్రాఫ్ ఇంత గలీజుగా ఉందేంటక్కా అని రాత్రి మెసేజ్ వచ్చింది.